లెక్క చెప్పని నిద్రలు

మా మందిరం తలుపుకి లోపలి గడియ లేదు. కట్టేటప్పుడు వడ్రంగి అడిగాడట, లోపల కూడా ఒకటి పెట్టమంటారా అని. ప్రార్థనకు వచ్చినవాళ్ళు గడియ వేసుకుని కూర్చునే పనేముంటుందని మా మామగారు వద్దన్నారట. బయట మాత్రం గట్టి గొళ్ళెం, దానికో తాళం. దొంగలు బయట నుంచే వస్తారు కాబట్టి అది చాలనుకున్నారు. మనుషులు తరిమితే లోపలికి పరుగెత్తుకొచ్చేవాళ్ళు కూడా ఉంటారని ఆయనకు తోచలేదు. చాలాకాలం మాకూ తోచలేదు.

మాచర్ల నుంచి వెల్దుర్తి వైపు వెళ్ళే దారిలో రోడ్డు దిగి కాస్త లోపలికి వెళ్తే మా ఊరు. ఊరి చివర కాలనీ. మందిరం కాలనీలో ఉంది. రేకుల కప్పు, సిమెంటు గచ్చు, ఒకదాంట్లో ఒకటి దూర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, గోడవారగా చుట్టిపెట్టిన చాపలు, ఒక కీబోర్డు, కప్పు మీద రెండు మైకు హారన్లు. మా ఆయన పాస్టరు. ఆయన తండ్రి కూడా పాస్టరే. నేను నరసరావుపేట పిల్లని. పాస్టరు భార్య అయితే ఏం చెయ్యాలో పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదు. మందిరం ఊడవాలి, చాపలు పరవాలి, వచ్చినవాళ్ళకి టీ పెట్టాలి, ప్రసంగం పొడవైనప్పుడు వెనక నుంచి దగ్గాలి. నేను దగ్గితే ఆయనకు అర్థం కాదు. నాకు జలుబు చేసిందనుకుని అక్కడే ఆగి నా కోసం ప్రార్థన మొదలుపెడతారు.

ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఇలాంటి మనిషితో కాపురం కష్టమని చెబుతున్నాను. మా చెల్లెలు కొత్త చీర కట్టుకుని ఎలా ఉంది బావా అని అడిగితే, కళ్ళు మూసుకుని ఆలోచించి, బాగాలేదమ్మా అన్న మనిషి. ఆ చెల్లెలు రెండేళ్ళు మా గడప తొక్కలేదు.

మా వైపు జనానికి నిద్రలు చెయ్యడం అలవాటు. ఒంట్లో బాగాలేకపోయినా, పిల్లలు కలగకపోయినా, ఇంట్లో ఏదో పీడ ఉందనిపించినా, ఏదో ఒక దేవుడికి మొక్కుకుని, నీ దగ్గర ఇన్ని రాత్రులు పడుకుంటాను స్వామీ అనుకుని చాప తెచ్చుకుంటారు. గుడి అయినా సరే, దర్గా అయినా సరే, చర్చి అయినా సరే. నిద్రల్లో ఉన్న మనిషిని తిట్టకూడదు, కొట్టకూడదు, మధ్యలో లేపి తీసుకుపోకూడదు. మొక్కు చెడగొడితే ఆ దోషం చెడగొట్టినవాడి ఇంటికే చుట్టుకుంటుందని అందరి నమ్మకం. మా ఆయనకు మాత్రం ఈ అలవాటంటే గిట్టదు. దేవుడు మీ ఇళ్ళల్లో కూడా ఉన్నాడు, అక్కడే పడుకోండి, మన దాంట్లో నిద్రలు లేవు అని మైకులో చెప్పేవారు. మైకులో చెప్పారు కాబట్టి ఆ సంగతి కాలనీకే కాదు, ఊరంతటికీ తెలుసు.

ఆ ఏడాది పంచాయతీ ఎలక్షన్లు మిరపకోతల్లో వచ్చాయి. ఊళ్ళో పోటీ పడ్డది ఇద్దరు, అన్నదమ్ముల బిడ్డలు. ఒకే ఇంటిపేరు, పక్కపక్క ఇళ్ళు, పక్కపక్క చేలు. పేర్లెందుకు, పెదనాన్న కొడుకుని అన్న అంటాను, బాబాయి కొడుకుని తమ్ముడు అంటాను. అన్నకి మా మందిరంతో ఉన్న సంబంధమల్లా ఒక్కటే, మైకు గోల భరించలేకపోతున్నానని మండలంలో ఫిర్యాదు చేశాడు. తమ్ముడికి ఆ సంబంధం కూడా లేదు.

తమ్ముడు గెలిచాడు. సాయంత్రం ఊరేగింపు అన్న ఇంటి ముందుకు వచ్చినప్పుడు, తమ్ముడు ట్రాక్టరు మీద నుంచి దిగి ఏదో అన్నాడు. ఏమన్నాడో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. తర్వాత జరిగిందాని గురించి మాత్రం అందరిదీ ఒకటే మాట. అన్న అరుగు దిగి వచ్చి, కాలి చెప్పు తీసి, రంగులు పూసుకున్న తమ్ముడి చెంప మీద కొట్టాడు. మా వైపు కర్రతో కొట్టినా రాజీ పడతారు, కత్తితో కొట్టినా ఎప్పటికో రాజీ పడతారు. చెప్పుతో కొడితే పడరు. ఆ చెయ్యి నరికి సెంటర్లో పెడతానని తమ్ముడు అందరి ముందూ అన్నాడు. ఆ మాట ప్రకారం చెయ్యకపోతే ఇక సర్పంచిగా అతని మాట ఎవరూ వినరు. అది అతని బాధ.

అన్న భార్యాపిల్లలు ముందే క్రోసూరులో పుట్టింట్లో ఉన్నారు. ఎలక్షన్లప్పుడు ఆడవాళ్ళని పంపించెయ్యడం మా దగ్గర మామూలే, ఎండాకాలం వడియాలు పెట్టుకున్నట్టు. పోలీసులు వచ్చి ఇద్దరితోనూ మాట్లాడాలన్నారు. ఇద్దరిలో ఒకరు దొరకలేదు. గొడవలు పడొద్దని రెండోవాడికి చెప్పి వెళ్ళారు.

మర్నాడు శుక్రవారం. మాకు ఉపవాస ప్రార్థన. కోతలు ఉన్నా ఆ పూట కాలనీ ఆడవాళ్ళు మధ్యాహ్నానికి పని ముగించుకుని వస్తారు. ఆ నెలంతా మా ఆయన ఆశ్రయపురాల గురించి చెబుతున్నారు. పూర్వం పొరపాటున ఒకడి ప్రాణం తీసినవాడు పగవాళ్ళ చేతికి చిక్కకుండా పరుగెత్తుకెళ్ళి తలదాచుకోవడానికి దేవుడు కొన్ని ఊళ్ళు ఏర్పాటు చేశాడని, ఈ కాలంలో ఆ ఊరు సంఘమేనని చెప్పి ముగించేవారు. అందరూ ఆమేన్ అనేవారు. అప్పటికింకా ఎవరూ పరుగెత్తుకు రాలేదు కాబట్టి ఆ మాట అనడానికి ఇబ్బందేమీ లేకపోయింది.

ఆయన కళ్ళు మూసుకుని, చేతులెత్తి, శత్రువుల చేతిలో నుంచి విడిపించు ప్రభువా అంటుండగా అన్న తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. రాత్రంతా ఏ చేలో పడుకున్నాడో, తెల్లచొక్కా నిండా మట్టి, జుట్టులో మిరపాకులు. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు. ఆ రెండోది తమ్ముడి చెంప మీద పడి ఆ వీధిలోనే ఉండిపోయింది. ఉన్న చెప్పు కూడా గుమ్మం బయట విడిచాడు. తలుపు మూసి గడియ కోసం తడుముకున్నాడు. లేదు. వచ్చి ఆడవాళ్ళ వరసలో, గుమ్మానికి దూరంగా ఉన్న మూల కూర్చున్నాడు. ఆడవాళ్ళు కళ్ళు తెరిచి చూశారు, జరిగి చాప ఇచ్చారు, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. మా ఆయన అదేమీ ఎరగరు. ప్రార్థన నెమ్మదిగా ముగించి కళ్ళు తెరిస్తే, మైకు మీద ఫిర్యాదు చేసిన మనిషి మైకు కిందే కూర్చుని ఉన్నాడు. ఆమేన్ అనడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"ఎవురన్నా అడిగితే నేనీడ లేనని చెప్పు పాస్టరూ" అన్నాడు అన్న.

"అలా చెప్పలేనండి, మీరున్నారు గదా" అన్నారు మా ఆయన.

అసలు చిక్కు అది కాదు. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో తమ్ముడి తల్లి కూర్చుని ఉంది.

ఆ పెద్దావిడ ప్రతి శుక్రవారం వస్తుంది. నుదుట కాసంత బొట్టు పెట్టుకుని, కొబ్బరినూనె సీసా చేత పట్టుకుని వస్తుంది. ఆ నూనె మీద మా ఆయన ప్రార్థన చెయ్యాలి, అది ఆమె మోకాళ్ళకి రాసుకుంటుంది. మీ దేవుడు మోకాళ్ళకి మంచోడమ్మాయ్ అంటుంది నాతో. మిగతా జబ్బులకి ఆమెకు వేరే దేవుళ్ళున్నారు. మా చాపల మీద కూర్చోదు, మోకాళ్ళు వంగవని చెబుతుంది. మా ఇంట మంచినీళ్ళు తాగదు, దానికి ఏ కారణమూ చెప్పదు.

ఆమె అన్న వైపు తిరిగి చూసింది. ఆమెకు అతను బావగారి కొడుకు. "చెప్పుతో కొడతావంట్రా? సిగ్గులా?" అంది. అన్న తల వంచుకుని "తప్పే చిన్నమ్మా" అన్నాడు. ఆమె కుర్చీని గుమ్మానికి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది. వెళ్ళి కొడుకుని పిలుచుకొస్తుందేమో అనుకున్నాను.

పిలవాల్సిన పనిలేకపోయింది. కాసేపటికే బళ్ళ చప్పుడు వినిపించింది. తమ్ముడూ, వెంట కొందరు కుర్రాళ్ళూ. చేతుల్లో కర్రలు, ఒకడి చేతిలో గోనెసంచిలో చుట్టిన ఏదో పొడవాటిది. మందిరం గుమ్మం దాకా వచ్చి, అలవాటు కొద్దీ అందరూ చెప్పులు విడిచారు. మనిషి చెయ్యి నరకడానికి వస్తూ కూడా చెప్పులు విడిచి, వరసగా పెట్టి, నిలబడ్డారు. ఆ చెప్పులు చూశాక, వీళ్ళతో మాట్లాడొచ్చు అనిపించింది. తలుపు తెరిచి గడప మీద నిలబడ్డాను.

"మావోడు లోపలున్నాడంట. పంపీ అమ్మగారూ" అన్నాడు తమ్ముడు.

"ఉన్నాడయ్యా. నిద్రలు చేస్తున్నాడు" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ప్రార్థన చేసి అన్నది కాదు, వెతికి పట్టుకున్నదీ కాదు. నోటికి అదే వచ్చింది.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఎప్పుడు మొక్కుకున్నాడు?" అన్నాడు తమ్ముడు.

"ఇందాకే."

"ఎన్ని నిద్రలు?"

ఏ అంకె చెప్పినా, ఆ అంకె అయిపోయిన తెల్లారి వీళ్ళు మళ్ళీ ఈ గుమ్మంలోనే ఉంటారు. "అది బయటికి చెప్పకూడదంట గదా" అన్నాను.

కుర్రాళ్ళు మెత్తబడ్డారు. ఒకడు కర్ర వెనక్కి పెట్టుకున్నాడు కూడా. అంతా సర్దుకుంటోందనుకునే సరికి నా వెనక నుంచి మా ఆయన వచ్చి, గొంతు సవరించుకుని, చాలా మర్యాదగా, "తమ్ముడూ, అబద్ధమెందుకు, మా దాంట్లో నిద్రలు లేవు" అన్నారు.

మా పెళ్ళయ్యాక ఆయన్ని కొట్టాలనిపించింది ఆ ఒక్కసారే. ఆ మాట దాచను.

"నేనూ అదే అంటన్నా. మైకులో చానాసార్లు చెప్పారు గదా మీరే" అన్నాడు తమ్ముడు, గడప మీద కాలు పెడుతూ. మా ఆయన అడ్డం జరిగారు. అడ్డం జరిగి, "నిద్రలు లేవు. కానీ ఆయన్ని పంపను. మీరు లోపలికొస్తే కూర్చోండి, ప్రార్థన చేసుకుందాం" అన్నారు. బక్కపల్చటి మనిషి. తమ్ముడు ఒక్క చేత్తో పక్కకి నెట్టగలడు. నెట్టడానికి చెయ్యి ఎత్తాడు కూడా.

"లేవంటావేంది అయ్యగారూ?" అంది పెద్దావిడ కుర్చీలో నుంచి.

అందరూ అటు తిరిగారు. కొడుకు అప్పటిదాకా తల్లిని చూసుకోలేదు. "నువ్వీడున్నావేందమ్మా?" అన్నాడు.

"నేనెప్పుడూ ఈడే ఉంటా శుక్రారం. నీకెప్పుడు తెలిసింది గనక" అని, మా ఆయన వైపు తిరిగింది. "మీ నాయన ఉన్నప్పుడు ఆ గోడకాడ చాపేసుకుని నిద్రలు చేశా నేను. మీ నాయన ఒద్దన్లా. దుప్పటి కూడా ఇచ్చాడు. ఆ నిద్రలకే వీడు పుట్టాడు. మీ నాయనకున్న నిద్రలు నీకెందుకు లేవు?"

తండ్రి సంగతి వచ్చేసరికి మా ఆయన దగ్గర బైబిలు వాక్యం లేదు. అప్పటికి ఆయన చిన్నపిల్లాడు, ఏం జరిగిందో ఆయనకే తెలియదు. తెలియని సంగతి అబద్ధమనడం కూడా ఆయనకు రాదు.

తమ్ముడి ముఖం చూడాల్సింది. తన పుట్టుక సంగతి అతనికి ఆ రోజే తెలిసింది, అదీ వెంట వచ్చిన కుర్రాళ్ళందరి ముందూ. ఆ కుర్రాళ్ళు అతన్ని చూశారు, మా రేకుల షెడ్డుని చూశారు, మళ్ళీ అతన్ని చూశారు. "ఏం మాట్లాడతన్నావమ్మా, నడు ఇంటికి" అన్నాడు.

"రాను. నాకూ మోకాళ్ళ నెప్పులు తగ్గలా. నేనూ నిద్రలు చేస్తా" అంది ఆమె. "నిన్నిచ్చిన చోట నిద్రల్లో ఉన్నోణ్ణి లేపితే ఎవురికి చుట్టుకుంటదో నీకు చెప్పాల్సిన పన్లా. నీకూ పిల్లలున్నారు. పొయ్యి రాత్రికి కూడు పంపు."

కుర్రాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వేసుకున్నారు. తమ్ముడు చివరిదాకా నిలబడి, ఎవర్నీ తిట్టలేక, బండిని తిట్టి స్టార్ట్ చేసుకుని వెళ్ళాడు.

వాళ్ళు వెళ్ళాక పెద్దావిడ కుర్చీ దిగింది. ఎన్నడూ వంగవన్న మోకాళ్ళు వంచి, గుమ్మానికి అడ్డంగా మా చాప ఒకటి పరుచుకుని కూర్చుంది. గడియ లేని తలుపుకి ఇక ఆవిడే గడియ.

మర్నాటి నుంచి ఆవిడ చెప్పిన నియమాలన్నీ నాకు కొత్తవే. నిద్రలు చేసేవాళ్ళు పగలు కూడా ప్రహరీ దాటకూడదంది. ఇద్దరు చేస్తుంటే ఒకరు తిని ఒకరు పస్తుంటే ఫలితం దక్కదంది. కాబట్టి ఇద్దరికీ కలిపి ఒకే ఇంటి నుంచి కూడు రావాలంది. అప్పటికప్పుడు కల్పిస్తోందని నా అనుమానం. కానీ ఆమె చెప్పే తీరు చూస్తే మా ఆయన ప్రసంగాల కంటే నమ్మకంగా ఉండేది. అలా రెండు పూటలా తమ్ముడు ఇద్దరికి సరిపడా కారియర్ కట్టించుకుని వచ్చేవాడు. ఎవరి చెయ్యి నరుకుతానన్నాడో ఆ చేతికి గోంగూర పచ్చడీ జొన్నరొట్టే మోసుకొచ్చేవాడు. గుమ్మంలో పెట్టి, లోపలికి చూడకుండా వెళ్ళేవాడు. మొదటి రోజు అన్న ఆ కారియర్ ముట్టలేదు. ఏం కలిపారో అని భయం. పెద్దావిడ ప్రతి గిన్నెలోదీ తను ముందు తిని, "ఇప్పుడు తిను, చస్తే ఇద్దరం చస్తాం" అంది. తిన్నాడు.

నీళ్ళ దగ్గర మాత్రం అన్న మొండిగా ఉన్నాడు. ఒంట్లో బాగాలేదని, డాక్టరు బాటిల్ నీళ్ళే తాగమన్నాడని చెప్పాడు. కాలనీ కొట్లో బాటిళ్ళు అయిపోయేదాకా ఆ జబ్బు ఉంది. తర్వాత మా బిందెలో నీళ్ళు తాగాడు, ఏమీ కాలేదు. పాస్టరూ అనే పిలుపు కూడా ఆ రోజుల్లోనే పాస్టరు గారూ అయింది. ఒక ఉదయం మాత్రం ప్రార్థన మైకు పెట్టగానే చెవులు మూసుకుని, "ఈడ కూర్చుంటే ఇంకా ఘోరంగా ఉందండీ" అన్నాడు. ఆ సంగతి మా అందరికీ ముందే తెలుసు.

మా ఆయన పగలంతా మామూలుగానే ఉండేవారు. అన్నతో నిద్రల గురించి వాదన పెట్టుకోలేదు. ఒక్కసారి మాత్రం, "మీరు మొక్కుకున్నారా అసలు?" అని అడిగారు. "ఆ చేలో పడుకున్నప్పుడు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కా పాస్టరు గారూ. తెలియనోళ్ళకి కూడా. కాళ్ళు ఇటొచ్చినయ్" అన్నాడు అన్న. ఆ జవాబు నాకు నచ్చింది. దేవుడే దిక్కని మేము రోజూ పాడతాం గానీ, అలా కాళ్ళు తీసుకొచ్చి పడేసే దిక్కు నాకు ఎప్పుడూ అవసరం పడలేదు. నా ప్రార్థన ఆ రోజుల్లో ఏమిటంటే, ప్రభువా, ఈయన్ని కాపాడు, కానీ ఇంకెక్కడన్నా పెట్టి కాపాడు.

ఎందుకంటే దాని ఫలం అనుభవిస్తోంది కాలనీ. తమ్ముడి పక్షం వాళ్ళ చేలల్లో మిరపకోతలకి మా ఆడవాళ్ళని పిలవడం మానేశారు. ఊళ్ళో సగం పైన చేలు వాళ్ళవే. కాయ ఎర్రగా పండి చెట్టు మీదే వడిలిపోతున్నా పిలవలేదు, పక్క మండలం నుంచి ఆటోల్లో మనుషుల్ని తెచ్చుకున్నారు. కోతల కాలం పోతే ఏడాదంతా పోయినట్టే.

మరుసటి శుక్రవారం ప్రార్థనలో ఒక ఆమె లేచి అడిగేసింది. "ఆయన్ని పంపిచ్చేద్దాం అయ్యగారూ. ఆయనెప్పుడన్నా మన గురించి ఆలోచించాడా? మన మైకు తీపిచ్చాలని చూశాడు. ఆయన కోసం మన పిల్లలు పస్తులుండాలా?"

అన్న అక్కడే ఉన్నాడు, విన్నాడు. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? నాకు లోపల అదే ఉంది. మా ఆయన తెలియదని ఒప్పుకున్నారు. "నాకు తెలియట్లేదమ్మా. పంపిస్తే ఏమవుతుందో మాత్రం తెలుసు. మీరందరూ పంపమంటే నేను ఆయనతో కూడా వెళ్తాను, ఒక్కణ్ణే పంపలేను" అన్నారు. మోకరించారు. అందరం మోకరించాం. చివరికి ఆ అడిగినామే లేచి ఇంటికి వెళ్ళింది. కోపగించుకుని వెళ్ళిపోయిందనుకున్నాను. దుప్పటి తీసుకుని తిరిగొచ్చింది. అన్న ముందు పడేసి, "రాత్రిళ్ళు మంచు కురుస్తాంది. ఆ చాప చాల్దు" అని కోపంగానే చెప్పి తన చోట కూర్చుంది. మళ్ళీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ ఆదివారం మా ఆయన ఆశ్రయపురాల ప్రసంగం పక్కన పెట్టి వేరేది చెప్పారు. అడిగితే, ఇక చెప్పడానికేముందిలే అన్నారు.

ఒక మధ్యాహ్నం పెద్దావిడ తల దువ్వుకుంటుంటే పక్కన కూర్చుని అడిగాను. "నిజంగానే మా మామగారు ఉన్నప్పుడు ఇక్కడ నిద్రలు చేశారా పెద్దమ్మగారూ?"

ఆమె జుట్టు ముడి వేసుకుంటూ ఆలోచించింది. "చానా చోట్ల చేశానమ్మాయ్. కోటప్పకొండ కింద చేశా, దర్గాలో చేశా, ఈడ కూడా చేసినట్టే గుర్తు. ఏ దేవుడిచ్చాడో నాకేం తెలుసు? వాడైతే పుట్టాడు."

ఇది మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఆదివారం మైకులో చెప్పేస్తారు.

కోతలు సగంలో ఉండగా రాజీ మాటలు మొదలయ్యాయి. పోలీసులు పిలిచారు, రెండు పక్షాల పెద్దలు గురజాల వెళ్ళి కూర్చున్నారు. అన్న తప్పు ఒప్పుకుంటానని మా ఆయన చేత కబురు పంపాడు. మా ఆయన ఆ కబురుని ఒక్క అక్షరం అటూఇటూ కాకుండా చెప్పి ఉంటారు, అందుకు ఆయన్ని మించినవాళ్ళు లేరు. రాజీ అయిందన్నారు. రాజీ అయిన మర్నాడు మనిషిని నరికిన ఊళ్ళు మా వైపు లేకపోలేదు. అందుకని ఎవరం సంతోషపడలేదు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. ఒక్కడే. చేతిలో కారియర్ లేదు, కర్ర లేదు. చెప్పులు విడిచి గుమ్మం ముందు నిలబడ్డాడు. పెద్దావిడ చాప మీద అడ్డంగా కూర్చునే ఉంది. అన్న వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మా ఆయనా నేనూ కీబోర్డు పక్కన ఉన్నాం.

"పద అమ్మా ఇంటికి. నిద్రలు చాల్లే" అన్నాడు తమ్ముడు.

"నీ కోపం అయిపోయిందా?" అంది తల్లి.

"కాయ చెట్టు మీదే ఎండిపోతాంది. బయటోళ్ళు సరిగా కొయ్యట్లా. కాలనీవాళ్ళని పిలవాలి."

"అడిగిందానికి చెప్పరా."

అతను చెప్పు తగిలిన చెంప మీద చెయ్యి పెట్టుకుని రుద్దుకున్నాడు. "పెద్దలందరి ముందూ అయిపోయిందన్నా గదా" అన్నాడు.

"పెద్దలకి కాదు, నాకు చెప్పు."

"అయిపోయిందమ్మా" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కోపం పోయినందుకో, పోనందుకో నేను చెప్పలేను. "అన్నని కూడా ఎక్కమను. నేనే దించుతా ఇంటికాడ. నేను దించితే ఇంకెవుడూ ముట్టుకోడు."

అది నిజం. అతను స్వయంగా ఊరి మధ్య నుంచి తీసుకెళ్ళి ఇంటి దగ్గర దించితే కుర్రాళ్ళెవరూ కర్ర ఎత్తరు. అలాగే, దారిలో ఏదైనా చెయ్యదలిస్తే అంతకంటే తేలిక లేదు. అన్నకి ఆ రెండూ తెలుసు. నా వైపూ మా ఆయన వైపూ చూశాడు. వెళ్ళమనడానికి మాకు ధైర్యం లేదు, ఉండమనడానికి కారణం లేదు. మా ఆయన "నేనూ వస్తాను" అన్నారు. ముగ్గురు ఎక్కే బండి మీద నలుగురెలా పడతారని ఆయన ఆలోచించలేదు.

"నువ్వుండు అయ్యగారూ, నేనున్నా గదా" అని పెద్దావిడ గోడ పట్టుకుని లేచింది.

బండి మీద కొడుకు ముందు కూర్చున్నాడు. ఆమె మధ్యలో కూర్చుంది. అన్న ఒంటి చెప్పు అక్కడే వదిలేసి, ఉత్తి కాళ్ళతో ఆమె వెనక ఎక్కాడు. కాలనీ ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

ఇన్నాళ్ళూ దేవుడే చూసుకుంటాడని మాకు ధైర్యం చెప్పిన మనిషి ఆవిడ. బండి కదలగానే ఒక చేత్తో ముందున్న కొడుకు చొక్కా గుప్పిట పట్టుకుంది. రెండో చెయ్యి వెనక్కి తిప్పి అన్న చొక్కా పట్టుకుంది. గతుకుల్లో బండి ఎగిరెగిరి పడుతోంది. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, పడిపోతానేమోనని ఆమె బండిని పట్టుకోలేదు. రెండు చొక్కాలూ వదల్లేదు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, నేను లోపలికి వచ్చి ఏడ్చాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. కాసేపటికి అన్న ఫోన్ చేశాడు. "ఇంటికొచ్చా. చిన్నమ్మ ఇంకా చొక్కా వదల్లా" అన్నాడు.